తలుపు తీసే ముందు

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మీ ఇంటి కాలింగ్ బెల్లు మోగిందనుకోండి. మొట్టమొదట మీరేం చేస్తారు? "ఏముంది, తలుపు తీస్తాం" అని మగవాళ్ళు చెప్తారు. మనం అట్లా చెప్పలేం. మనకు తలుపు తీయడం నాలుగో పనో, ఐదో పనో. ముందు "ఎవరూ?" అని లోపలినుంచే కేక వెయ్యాలి. జవాబిచ్చిన గొంతును బట్టి నైటీ మీద తువ్వాలు కప్పుకోవాలా, చున్నీ వేసుకోవాలా, ఏకంగా చీర కట్టుకోవాలా అన్నది తేల్చుకోవాలి. పాలవాడికి తువ్వాలు చాలు. కొరియర్ కుర్రాడికి చున్నీ. మావారి ఆఫీసు స్నేహితుడైతే "ఒక్క నిమిషమండీ" అని, ఆ ఒక్క నిమిషంలో వీపు వెనక కొక్కేలు తడుముకుంటూ... ఆ నిమిషం ఎట్లా గడుస్తుందో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, మగవాళ్ళకు చెప్పినా తెలియదు.

మావారికి ఆ బాధ లేదు. లుంగీ, పైన బనియను. మా గుంతకల్లు ఎండలకు చాలాసార్లు ఆ బనియనూ వుండదు. బెల్లు మోగితే పేపరు మడిచి పక్కన పెట్టి, లేచి వెళ్ళి తలుపు తీస్తారు. అంతే! ఆయన్ని చూస్తే నాకు కోపం రాదు. నిజం చెప్పొద్దూ, అసూయ వేస్తుంది. ఆ మనిషి తన ఇంట్లో తాను వున్నాడు. మరి నేనెక్కడున్నాను?

ఆ అసూయ గురించే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తూ రాస్తూ వుంటే నా తప్పే ఒకటి బయటపడింది. అదీ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మమ్మ జన్మలో బాడీ తొడుక్కోలేదు. ముందువైపు ముడి వేసుకునే రైక, దాని మీద చీర కొంగు. అంతే ఆమె ఎరిగిన కట్టుబడి. ఊపిరి ఆడలేదని ఆమె ఎన్నడూ అనగా నేను వినలేదు. నాన్నది రైల్వే ఉద్యోగం కావడంతో అమ్మ పెళ్ళయి గుంతకల్లు క్వార్టర్సుకు వచ్చాక నేర్చుకుంది. నాకు పదమూడో ఏట ఆ రోజు వచ్చింది. అమ్మ నన్ను బజారుకు తీసుకువెళ్ళి, కొట్టు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, జనం పలచబడ్డాక లోపలికి వెళ్ళి, గల్లా దగ్గరి మనిషితో గొంతు తగ్గించి "బాడీలు చూపించండి" అంది. ఆయన మహా నిర్మలంగా "ఏం సైజమ్మా?" అని కొట్టంతా వినబడేట్టు అడిగాడు. అమ్మ చెవులు ఎర్రబడటం నాకిప్పటికీ గుర్తే. ఆ పొట్లాన్ని పాత పేపర్లో చుట్టి, సంచీలో కూరగాయల అడుగున పెట్టి, ఏదో దొంగసొత్తులా ఇంటికి తెచ్చాం.

కొనడం ఒక ఎత్తయితే, ఉతికి ఆరవెయ్యడం ఇంకో ఎత్తు. మాది ఎండకు కొదవ లేని ఊరు. ఈ జిల్లాలో ఏడాదంతా కురిసేదంతా కలిపినా ఐదువందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఏప్రిల్‌లో మిద్దె మీద దుప్పటి ఆరేసి కిందికి దిగేలోగా ఆరిపోతుంది. అటువంటి ఊళ్ళో సూర్యుణ్ణి ఎరగని బట్ట ప్రతి ఇంట్లోనూ ఒకటి వుంటుంది. దాన్ని తీగ మీద వేసి, దాని మీద లంగా, లంగా మీద తువ్వాలు వేస్తాం. లేకపోతే స్నానాల గదిలో తలుపు వెనక మేకుకు తగిలిస్తాం. అది ఆరీ ఆరనట్టుంటే మర్నాడు అట్లాగే తొడుక్కుంటాం. చెమట, చెమ్మ కలిసి, రొమ్ముల కింద ఒరుసుకుపోయి, ఎర్రబడి, దురద. నాకట్లా అయినప్పుడు లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆమె మందు రాసిచ్చి, "దీన్ని ఎండలో ఆరెయ్యండమ్మా. ఎండను మించిన మందు లేదు" అంది. ఎండకు నెత్తి మాడిపోయే ఊళ్ళో ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతకూ ఈ వస్తువు మన సుఖం కోసమే పుట్టిందంటే నమ్ముతారా? వెనక అమెరికా, యూరపుల్లో ఆడవాళ్ళు తిమింగలం ఎముక ముక్కలూ, ఉక్కు బద్దలూ పెట్టి కుట్టిన కార్సెట్లు బిగించుకునేవాళ్ళు. న్యూయార్కులో మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే అమ్మాయి ఒక విందుకు తయారవుతుంటే, పల్చటి గౌనులోంచి ఆ బద్దలు పొడుచుకుని వచ్చాయట. విసిగిపోయి, పనమ్మాయి సాయంతో రెండు పట్టు చేతిరుమాళ్ళూ, కాస్త రిబ్బనూ కలిపి కుట్టుకుని వేసుకుంది. 1914లో దాని మీద పేటెంటు తీసుకుంది. తరవాత ఒక కార్సెట్ల కంపెనీకి ఆ హక్కు పదిహేను వందల డాలర్లకు అమ్మేసింది. అంటే ఆనాటి ఆడవాళ్ళకు ఇది సంకెల విప్పడం. మనకొచ్చేసరికి ఇదే సంకెల అయింది. వస్తువులో సుఖం లేదు, దుఃఖమూ లేదన్నమాట.

వేసుకుంటే క్యాన్సరు వస్తుందని ఒక పుకారు కూడా చాలాకాలంగా తిరుగుతోంది. 2014లో అమెరికాలోని సియాటిల్‌లో పదిహేను వందల మంది స్త్రీలను విచారించి, దానికీ దీనికీ సంబంధం కనబడలేదని పరిశోధకులు తేల్చారు. కాబట్టి భయపడి మానక్కర్లేదు. హాయిగా వుంటే వేసుకోవచ్చు, లేకపోతే తీసెయ్యవచ్చు. మరి ఆ నిర్ణయం ఎవరిది? చిక్కంతా ఇక్కడే.

2018లో పేపర్లో ఒక వార్త చూసి మండిపడ్డాను. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో తోకలపల్లి అనే ఊరు. అక్కడి పెద్దలు ఆడవాళ్ళు పగటిపూట నైటీలు వేసుకుని తిరగకూడదని కట్టడి చేశారు. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు నిషేధం. తప్పితే రెండు వేల రూపాయలు జరిమానా. చూసి చెప్పినవాళ్ళకు వెయ్యి రూపాయలు బహుమానం! సంగతి బయటికి పొక్కి అధికారులు వెళ్ళి విచారించారు. ఆ రోజు నేను మావారి ముందు ఎంత ఉపన్యాసం ఇచ్చానని! "ఎవరి ఒంటి మీద ఏ గుడ్డ వుండాలో పంచాయితీ చెప్తుందా?" అని.

అటువంటి నేను, పోయిన వేసవిలో ఏం చేశానో వినండి.

మా అమ్మాయి బెంగళూరులో చదువుతోంది. సెలవులకు వచ్చింది. రైలు దిగి ఇంటికి రాగానే చెప్పులు గుమ్మం బయట, సంచి సోఫాలో, లోపలి బట్టలు బకెట్లో. వదులుగా ఒక చొక్కా, పైజమా వేసుకుని బండల మీద వెల్లకిలా పడుకుని "అబ్బ! ఇల్లు" అంది. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు మాది, ఎండాకాలం కూడా వీపుకు చల్లగా వుంటాయి. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే బెల్లు మోగింది. మావారి పెదనాన్న కొడుకు. నేను అమ్మాయి వైపు ఒక చూపు చూసి, "లే, పో, లోపలికి పోయి సరిగ్గా రా" అన్నాను. అది లేచి కూర్చుని, అరవకుండా, కోపంగా కూడా కాకుండా, తెలియక అడుగుతున్నట్టు అడిగింది. "అమ్మా, ఈ ఇల్లు మనదా, వచ్చేవాళ్ళదా?"

నేను జవాబు చెప్పలేదు. "ముందు పో" అన్నాను. అది పోయింది. ఆయన గంటసేపు కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడు. పిల్ల ఆ గంటా గదిలోంచి బయటికి రాలేదు. వచ్చినాయన దాని వైపు చూసి వుండేవాడో లేదో నాకు తెలియదు. ఆయన చూడకముందే ఆయన కళ్ళు నేను అరువు తెచ్చుకుని నా బిడ్డను చూశాను. తోకలపల్లి పెద్దలు జరిమానా వేశారు. నాకు ఆ అవసరం కూడా లేకపోయింది, చూపే సరిపోయింది.

చెప్పుల సంగతి కూడా ఇట్లాంటిదే. నా చిన్నప్పుడు మా రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కొన్ని మిగిలి వుండేవి. వాళ్ళలో ఒక పెద్దావిడ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఇంట్లో కూడా బూట్లతోనే వుండేది. మేము కిటికీలోంచి ఆమె కాళ్ళను వింతగా చూసేవాళ్ళం, ఆమె మా ఒట్టి కాళ్ళను వింతగా చూసేది. ఒకసారి అడిగితే, "బూట్లు లేకపోతే నాకు జబ్బు చేసినట్టు వుంటుంది బేబీ" అంది. మాకేమో ఇంట్లో బూట్లంటేనే జబ్బు. సుఖమనేది సగం అలవాటేనని నాకు మొదట చెప్పింది ఆమే.

మా అత్తగారికి డెబ్భై దాటాయి, షుగరు వుంది. పాదాలు మొద్దుబారాయి. మిద్దె మీద పల్లేరుకాయ గుచ్చుకుంటే రెండు రోజులదాకా ఆమెకు తెలియలేదు, తడి అంటిన అడుగు చూసి నేను కనిపెట్టాను. డాక్టరు గట్టిగా చెప్పాడు: షుగరువాళ్ళు ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో నడవకూడదు, చిన్న పుండు పెద్దదై కాలు తీసేసేదాకా రావచ్చు, ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోవాలి అని. మొదట్లో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ లాంటివాళ్ళు కుష్ఠురోగుల మొద్దుబారిన పాదాలకు వాడిన మెత్తటి రబ్బరు అది.

అత్తగారు ససేమిరా అన్నారు. "ఇంట్లో మెట్లా? ఏం కాలమొచ్చిందే పాపా! దేవుడి గది వుండాది, పొయ్యి వుండాది" అని. మెట్లంటే మా వైపు చెప్పులే.

"జేజీ, భరతుడు చెప్పులు తెచ్చి సింహాసనం మీదే పెట్టినాడు గదా!" అంది మా అమ్మాయి.

"అవి రాములవారివే. నీవీ నావీ కాదు."

"మరి మీ మామ ఇంట్లో పాంకోళ్ళు వేసుకుని తిరిగేవాడని నువ్వే చెప్పినావు గదా?"

అత్తగారు కాసేపు ఊరుకున్నారు. తరవాత, "నిజమేలే. టకాటకా చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినబడితే మేము కోడండ్లమంతా లేసి లోపలికి పోయేవాళ్ళం" అన్నారు.

నా చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే వుండిపోయింది. ఆమెకు పాంకోళ్ళ చప్పుడు, నాకు కాలింగ్ బెల్లు. యాభై ఏళ్ళలో మారింది చప్పుడే.

డాక్టరు మాట మీద, మనవరాలి పోరు మీద, చివరికి అత్తగారు చెప్పులు వేసుకున్నారు. దేవుడి గది గడప దగ్గర విడుస్తారు, మళ్ళీ వేసుకుంటారు. అదే అదనుగా నేనూ ఒక జత కొనుక్కున్నాను. నాకు షుగరు లేదు గానీ మడమ నొప్పి వుంది. పొద్దున మంచం దిగి బండ మీద కాలు పెడితే మేకు దిగినట్టుంటుంది. మెత్తటి చెప్పులు వేసుకుని వంటింట్లో తిరుగుతుంటే, ఇన్నేళ్ళూ ఎందుకు నరకం అనుభవించానా అనిపించింది. స్నేహితురాళ్ళకు ఫోన్లు చేసి మరీ చెప్పాను.

ఇదంతా ఇంకో మనిషి చూస్తూనే వుంది. మా ఇంట్లో పదకొండేళ్ళుగా పని చేస్తున్న ఆమె. పేరు రాయను. ఆమె చదవకపోవచ్చు గానీ వాళ్ళ కూతురు చదువుతుంది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ ఒక కాలెత్తి రెండో కాలి మీద పెట్టి నిలబడింది. మళ్ళీ కాలు మార్చింది. పదకొండేళ్ళుగా ఆమె అట్లా నిలబడటం నేను చూశాను. అది ఆమె అలవాటు అనుకున్నాను. ఆ రోజు మాత్రం మడమ కేసి చూశాను. సబ్బునీళ్ళకు నాని, బీటలు పడి, ఒక బీటలోంచి నెత్తురు.

"నీకూ మడమ నొప్పా?" అన్నాను.

"ఎప్పటినుంచో గదక్కా."

"నీకూ ఒక జత కొనిస్తాను. ఇంట్లో వేసుకుని పని చేసుకో."

ఆమె నవ్వింది. "నాకేమిటికిలేక్కా. అవ్వకంటే డాక్టరు చెప్పినాడు. నాకెవురు చెప్తారు?" అంది. తరవాత గిన్నె తోముతూ, నా వైపు చూడకుండా, "మా నాయన ఇట్లాంటి వీధుల్లో మెట్లు చేతిలో పట్టుకొని నడిచినోడు. నేను ఇంటి లోపల యేసుకొని తిరిగితే ఎట్లుంటాదక్కా?" అంది.

మన పల్లెల్లో ఫలానా కులంవాళ్ళు ఫలానా వీధిలో చెప్పులతో నడవకూడదన్న కట్టుబాటు వుండేదని నేను చదివాను, నా నవల్లో ఒకచోట రాశాను కూడా. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఎద మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నారనీ, 1859లో మహారాజు అనుమతిస్తూ కూడా "పైకులాల స్త్రీల మాదిరిగా మాత్రం కాదు" అని మెలిక పెట్టాడనీ నాకు తెలుసు. అక్కడ కప్పుకోవడమే స్వేచ్ఛ. మా అమ్మాయికి విప్పడం స్వేచ్ఛ. ఆంగ్లో ఇండియన్ ఆంటీకి బూట్లు వేసుకోవడం, నాకు నా చెప్పులు. గుడ్డలో ఏమీ లేదు, "నీ ఇష్టం" అన్న మాటలో వుంది. ఇంత తెలిసిన నేను, నా వంటింట్లో నిలబడ్డ మనిషి పాదాలను పదకొండేళ్ళు చూడలేదు. నా ఇల్లు నాకు ఇల్లు కావాలని వ్యాసం రాయబోయాను. అదే ఇల్లు ఇంకొకరికి పని చేసే చోటని, అక్కడ ఆమెకూ రెండు కాళ్ళుంటాయని తట్టలేదు. న్యూయార్కులో ఆ రుమాళ్ళు కుట్టడానికి సాయం చేసిన పనమ్మాయి ఒంటి మీద ఏముందో నేను చదివినదాంట్లో ఎక్కడా లేదు. నేనూ అడగలేదు.

చెప్పులు కొన్నాను. వేసుకుంది. అయితే ఒక సంగతి గమనించాను. మావారి మోటారుసైకిలు చప్పుడు సందు మొదట్లో వినబడగానే వాటిని విప్పి సింకు కింద తోసేసేది.

మావారితో చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "నేనెప్పుడైనా ఏమన్నానా?" అన్నారు. అనలేదు. ఆ మాట నిజం. మా అత్తగారి మామ కూడా లోపలికి పొమ్మని ఎన్నడూ అని వుండడు. ఎవరూ ఏమీ అనకపోయినా ఆడవాళ్ళు లేచి లోపలికి పోయే ఇంట్లో, ఏమీ అనకుండా వుంటే సరిపోదు. నోరు తెరిచి "వేసుకో" అనాలి. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన మర్నాడు వంటింటి గడప దగ్గర నిలబడి, ఏదో పరీక్షలో జవాబు చెప్తున్నట్టుగా, "చెప్పులేసుకోమ్మా, పరవాలేదు" అని వెళ్ళిపోయారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం కూడా బండి చప్పుడుకు విప్పింది.

అమ్మాయి దసరా సెలవులకు వచ్చింది. బెల్లు మోగింది. అది పడుకున్నది పడుకున్నట్టే లేచి తలుపు తీయడానికి బయలుదేరింది. నా నాలుక చివరిదాకా ఆ "సరిగ్గా" వచ్చింది. మింగేశాను. మింగడం సులువుగా లేదు సుమా, ముప్ఫై ఏళ్ళ అలవాటు. గ్యాసు సిలిండరు అబ్బాయి. సిలిండరు దించి, డబ్బు లెక్కపెట్టుకుని, పోయాడు. పైకప్పు ఊడి పడలేదు.

నా సంగతంటారా? నేనింకా బెల్లు మోగితే చున్నీ కోసం వెతుకుతూనే వున్నాను. ఒక్కటి మాత్రం చేశాను. లేడీ డాక్టరు చెప్పిన మందు వాడుతున్నాను, మిద్దె మీద, పట్టపగలు, పైన తువ్వాలు లేకుండా. మొదటిరోజు పక్కింటావిడ చూసి చూడనట్టు తల తిప్పుకుంది. పది రోజులకు వాళ్ళ తీగ మీద కూడా పైన లంగా లేకుండా రెండు కనబడ్డాయి. మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు, చింతపండు ధర గురించి మాట్లాడుకున్నాం.

పోయిన శుక్రవారం మావారు ఇంటికొచ్చి, బండి స్టాండు వేసి, లోపలికి వచ్చి మంచినీళ్ళడిగారు. వంటింట్లోంచి ఆమె గ్లాసుతో వచ్చి ఇచ్చి వెళ్ళింది. నేను కిందికి చూశాను. కాళ్ళకు చెప్పులున్నాయి. ఆమె ధైర్యం చేసిందనుకుంటారేమో, కాదు. కూతురి పరీక్షల గురించి ఏదో ఆలోచిస్తూ, విప్పడం మరిచిపోయింది.

నేను గుర్తు చెయ్యలేదు.